అటుపక్క వాదన

టెక్కలిలో లా పాఠం చెప్పి పలాస బస్సెక్కేసరికి నాకు గొంతు మిగలదు. ఇక్కడ పాఠమంటే నోట్సు చెప్పడం. నేను చెబుతాను, వాళ్లు రాసుకుంటారు, పరీక్షలో నాకే తిరిగి అప్పజెబుతారు. మధ్యలో ఎవరైనా తలెత్తితే, "సార్, ఇది ఇంపార్టెంటా?" అని అడగడానికే. ఏళ్ల తరబడి ఇదే పని. విసుగొచ్చేసింది.

చదువుకునే రోజుల్లో ఒక ఏడాది జర్మనీలో ఉన్నాను. అక్కడ మాస్టారు ఒక కల్పిత తగాదా ఇస్తారు. పిల్లలు ఎవరి పక్షమూ పట్టకుండా, జడ్జి కుర్చీలో కూర్చున్నట్టు, చట్టంలోని ఒక్కో షరతూ సరిచూసుకుంటూ తీర్పు దాకా రాస్తారు. అక్కడికే అమెరికా నుంచి వచ్చిన ఒక ప్రొఫెసరు తీరు వేరు. పేరు పెట్టి లేపి, ప్రశ్న మీద ప్రశ్న వేసి ఉక్కిరిబిక్కిరి చేసేవాడు. ఇవాళ వాది తరఫున వాదించినవాళ్లు రేపు ప్రతివాది తరఫున వాదించాలి. నోరు విప్పని మా పిల్లలకు ఆ మందే పనిచేస్తుందనుకున్నాను.

పోయిన నెల ఆ ముచ్చటా తీర్చుకున్నాను. ఓడరేవు కోసం ప్రభుత్వం ఒక రైతు కొబ్బరితోట తీసుకుంది, వాదించండి అన్నాను. హాజరు వరుసలో ప్రభుత్వ పక్షం సంతబొమ్మాళి వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయికి పడింది. లేచి నిలబడింది.

"సార్, మా తోట అలాగే పోయిందండి. కోర్టులో నడత్తంది. నానెలాగ సెప్తానండి?"

"ఇది క్లాసమ్మా. రేపు రైతు పక్షం కూడా నువ్వే చెబుదువుగాని."

చెప్పింది. నోటీసు ఇచ్చారు, అభ్యంతరాలు విన్నారు, పరిహారం కట్టారు, రేవు పదిమందికీ పనికొస్తుంది, తోట మీది మమకారానికి చట్టంలో చోటు లేదు అంది. ఎన్ని ప్రశ్నలు వేసినా తగ్గలేదు. నా క్లాసులో చప్పట్లు పడటం అదే మొదలు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఎవరో దాన్ని ఫోన్లో తీసి వాళ్ల ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టేశారు.

మర్నాడు వాళ్ల నాన్న కాలేజీకి వచ్చాడు. తిడతాడనుకుని సిద్ధపడ్డాను.

"బాబూ, మా పిల్ల సెప్పింది సూసినాను. మా లాయరుబాబు ఇన్నాళ్లూ ఈ మాటలు సెప్పనేదు. అయితే మా తోట ఇంక రాదేటండి?"

అది క్లాసు కోసం అల్లిన తగాదా అని, మీ కేసు వేరని ఏదో గొణిగాను. ఇవాళ రైతు తరఫున చెబుతుంది, వినండి అని వెనక బెంచీలో కూర్చోబెట్టాను.

ఆ అమ్మాయి మొదలుపెట్టింది. ఒక మాట అంటుంది, దానికి నిన్న తనే చెప్పిన జవాబు గుర్తొచ్చి ఆగిపోతుంది. నేను ప్రశ్నలు వేయడం మానేశాను. అయినా దారి దొరకలేదు. వాళ్ల నాన్న తువ్వాలు ఒళ్లో పెట్టుకుని చివరిదాకా విన్నాడు. కూతురు కూర్చున్నాక మెల్లగా నా దగ్గరకొచ్చాడు.

"నిన్నటిదే బాగా సెప్పిందండి," అన్నాడు.