సున్నపు నీళ్ళు, నువ్వుల నూనె

మా ఊరి నేల కింద సున్నపురాయి ఉందని నాకెవరూ చెప్పక్కర్లేదు. జగ్గయ్యపేట చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు ఊరికే రాలేదు. నా చిన్నతనంలో మా అమ్మ కాగులో నీళ్ళు కాస్తే అడుగున తెల్లటి పెచ్చు కట్టేది. చింతపండు పెట్టి తోమినా వదిలేది కాదు. ఇంత తెలిసీ, ఆ నీళ్ళనే ఓ తొట్టిలో పోసి, రోజంతా వేడిగా ఉంచి, అవి అద్దంలా ఉండాలని ఆశపడ్డాను.

ఆ తొట్టి నందిగామ నుంచి వచ్చింది. అక్కడ పప్పుల హోల్‌సేల్ వ్యాపారం చేసే మా అల్లుడు కొత్త ఇంటి డాబా మీద హాట్ టబ్, అంటే బుడగలు పొంగే వేడినీళ్ళ తొట్టి, పెట్టించుకున్నాడు. మోజు తీరాక పట్టా కప్పేశాడు. మా ఆవిడ మోకాళ్ళ అవస్థ చూడలేక మా అమ్మాయి దాన్ని మినీ లారీలో ఎక్కించి మాకు పంపింది. పెరట్లో రేకుల కింద పెట్టించి, మా బోరు నీళ్ళే నింపాం.

మొదటిసారి మా ఆవిడ నా భుజం పట్టుకుని దిగి, మెడదాకా మునిగి కూర్చుంది. లేచాక గోడ పట్టుకోకుండా గడప దాటింది. ఆ సాయంత్రం కత్తిపీట ముందేసుకుని, నేల మీద కూర్చుని దొండకాయలు తరిగింది. మోకాళ్ళు మడిచి కూర్చోవడం ఎన్నేళ్ళకో! నేను కదలకుండా చూస్తుంటే, "ఏంటలా చూస్తారు? ఆ పళ్ళెం ఇటందుకోండి" అంది. నాకింకేం కావాలి?

వారం తిరక్కుండా నీళ్ళు పాలలా తయారయ్యాయి. ఐదో తరగతితో బడి మానేసి కొట్లో కూర్చున్నవాణ్ణి నేను. పొట్లాలు కట్టడానికి తెచ్చిన పాత పుస్తకాలు చదివే నాలుగు ముక్కలు నేర్చుకున్నాను. టబ్‌తో వచ్చిన ఇంగ్లీషు పుస్తకాన్ని కూడా నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. నీళ్ళ గుణం చూపే పరీక్ష కాగితాన్ని టబ్‌లో ముంచితే గడుల్లో రంగులు మారతాయి. క్షారం ఎక్కువుంటే ఆమ్లం పొడి వెయ్యమన్నారు. వేశాను, తగ్గింది. బుడగలు పొంగించగానే మళ్ళీ పెరిగింది. సున్నం సంగతి చూపే గడి మాత్రం చిట్టచివరి రంగు దగ్గరే కూర్చుంది.

విజయవాడలో టబ్ అమ్మినవాళ్ళకు ఫోన్ చేశాను.

"మీ ఏరియా వాటర్‌కి ఆ మోడల్ సెట్ కాదు సార్" అన్నాడు అవతలి మనిషి.

"అమ్మేటప్పుడు ఏరియా అడిగారా?"

"కొన్నది నందిగామ వాళ్ళు కదండీ!"

కోపం దిగమింగుకుని, వాళ్ళు చెప్పినట్టే సున్నం తీసే సాఫ్ట్‌నర్ పెట్టించాను. నీళ్ళు తేటపడ్డాయి. అంతలోనే నురగ మొదలైంది. అంచు చుట్టూ జిడ్డు పేరుకుంది. చివరికి మెకానిక్‌ను పిలిపించాం. అతను నురగ వేళ్ళతో నలిపి వాసన చూశాడు.

"బాబాయ్‌గారూ, ఇందులో నూనె ఎవరు పోస్తున్నారండీ?"

"నూనె పొయ్యడానికి గారెలు వండుతున్నానటయ్యా?" అని గయ్యిమన్నాను.

"పొయ్యట్లేదు నాయనా, రాసుకుంటున్నా" అంది వెనక నుంచి మా ఆవిడ. నువ్వుల నూనెలో కర్పూరం వేసి, వెచ్చచేసి, మోకాళ్ళకు పట్టించి మరీ దిగుతోందట. "నూనె రాయకుండా వేడినీళ్ళేంటి? ఒళ్ళు ఎండిపోదూ?"

"నూనె పడితే క్లోరిన్ పని చెయ్యదు పిన్నిగారూ. మానెయ్యండి."

మానేసింది. మర్నాడే మళ్ళీ గోడ పట్టుకుని నడిచింది. నూనె లేకనా, నూనె లేదన్న దిగులుతోనా? అది ఏ కాగితం ముంచితే తెలుస్తుంది? అన్నీ చెప్పిన ఆ పుస్తకంలో ఒంటికి నూనె రాసుకునే మనుషులు లేనే లేరు!

"రాసుకోవే, నీళ్ళ సంగతి నేను చూసుకుంటా" అన్నాను. క్లోరిన్ పెంచాను. నీళ్ళు బాగుపడ్డాయి, ఆమె కాళ్ళు ఎర్రగా పొక్కాయి. తగ్గిస్తే నురగ, పెంచితే దురద. డాక్టరు ఆ నీళ్ళలో దిగొద్దన్నాడు. క్లోరిన్ లేకుండా రోజూ కొత్త నీళ్ళు నింపి కాచడం మా బోరుకీ, కరెంటు బిల్లుకీ అయ్యే పని కాదు. టబ్ ఖాళీ చేశాం.

ఇప్పుడు సాయంత్రాలు టబ్ మెట్టు మీద ఆమెను కూర్చోబెట్టి, గ్యాస్ మీద కాచిన నీళ్ళు చెంబుతో పోస్తున్నాను, నూనె రాసిన ఆ మోకాళ్ళ మీదే. మునిగితే వచ్చే సుఖం పోస్తే రాదు. నేను వంటింట్లోంచి రెండో గిన్నె తెచ్చేసరికి ముందు పోసినవి చల్లారిపోతాయి.

"చాల్లెండి, మీ నడుం పట్టేస్తుంది" అంటుంది.

"హాయిగా ఉందా?"

"ఉంది" అంటుంది. లేచేటప్పుడు మాత్రం రెండు చేతులతో టబ్ అంచు పట్టుకుంటుంది.

కత్తిపీట అటకెక్కింది. దొండకాయలు నేనే తరుగుతున్నాను, బల్ల మీద పెట్టి, చాకుతో, లావు లావుగా.