అన్న పోసిన నూనె

చిన్నప్పుడు వచ్చిన జ్వరంలో నా ఎడమ చేయి చచ్చుబడింది. గేరు కర్రను అటూ ఇటూ తోస్తుంది, చాక్‌పీసుల డబ్బా పట్టుకుంటుంది, అంతకుమించి దాని మీద ఆశ పెట్టుకోకూడదు. బాబుపేట్ నుంచి గోండ్‌పిప్రి బడికి పాఠాలు చెప్పడానికి ఆరేళ్లు బస్సులో తిరిగాను. సీటు దొరకని రోజు కుడిచేత్తో కడ్డీ పట్టుకుంటే సంచీ జారేది, సంచీ పట్టుకుంటే నేనే జారేదాన్ని. ఒకసారి ఎవరో పెద్దాయన ఒళ్లో పడ్డాను. బస్సంతా నవ్వింది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

విదేశీ కంపెనీల కార్లు మన రోడ్ల మీదికి కొత్తగా వస్తున్న రోజులవి. బదిలీ మీద వెళ్లిపోతున్న ఒక ఇంజనీరు తన కారు అమ్ముతున్నాడంటే చూడబోయాను. పవర్ స్టీరింగ్ అట, నూనె పంపు బలంతో తిరుగుతుందట. ఒంటిచేత్తో తిప్పి చూశాను, తిరిగింది. దాచుకున్నదంతా ఊడ్చి కొనేశాను. ఆ తర్వాత ఎవరి ఒళ్లోనూ పడలేదు.

మా అన్న సాస్తి బొగ్గుగనిలో డంపర్లు బాగుచేసే ఫిట్టరు. మా వైపు తెలుగిళ్లలో కూడా మరాఠీవాళ్ల లాగే దీపావళి వెళ్లాక భావుబీజ్ చేస్తారు. చెల్లెలు హారతి ఇస్తే అన్న పళ్లెంలో ఏదో ఒకటి పెట్టాలి. పెట్టినదాన్ని చెల్లెలు వద్దనకూడదు. ఆ ఏడు అన్న పళ్లెంలో జాకెట్ గుడ్డ పెట్టి, దాని పక్కనే ఐదు లీటర్ల డబ్బా పెట్టాడు.

"డంపర్ స్టీరింగ్ నూనె, చెల్లె. మరమ్మతుల దించినం. పారబోసుడెందుకని నేనే గుడ్డల వడగట్టిన. గంత పెద్ద బండినే తిప్పుతది, నీ కారెంత?"

మూత తీస్తే బొగ్గు వాసన కొట్టింది. అనుమానం వచ్చింది కానీ, అన్న ఎదురుగా నిలబడి మురిసిపోతున్నాడు. నేనే పోశాను.

చలికాలం పోకముందే మలుపుల దగ్గర కారు మూలగడం మొదలుపెట్టింది. ఒకరోజు గోండ్‌పిప్రి దారిలో స్టీరింగ్ బండరాయిలా బిగుసుకుపోయింది. కుడిచేత్తో వేలాడాను. ఎడమ చేతిని తిట్టాను. కారు నెమ్మదిగా పత్తిచేనులోకి దిగి ఆగింది. ఎడ్లబండి తోలుకొస్తున్న ఒక రైతు దిగి, రెండు చేతులతో స్టీరింగ్ తిప్పి కారును రోడ్డెక్కించాడు. అతనికి అదేమంత పని కాదు. సిగ్గు లేకుండా అతని ముందే ఏడ్చాను.

బాబుపేట్ మెకానిక్ పంపు పోయిందన్నాడు. కొత్తది బొంబాయి నుంచి రావాలి, దాని ధర నా మూడు నెలల జీతం. నాగపూర్ పాత సామాన్ల బజారులో, గుద్దుకున్న కారు నుంచి విప్పింది దొరికితే చవకలో పోతుందన్నాడు. నూనె కారకుండా వేసే సీళ్లు మాత్రం కొత్తవి వేస్తానన్నాడు. అందాకా బడికి మళ్లీ బస్సెక్కాను.

నాగపూర్‌కు అన్న వెళ్లాడు, సెలవు పెట్టి. పుల్లీ తిప్పితే గరగరమనకూడదు, ఇరుసు అటూ ఇటూ ఊగకూడదు అని మెకానిక్ చెప్పి పంపాడు. రెండు రోజులు కొట్టు కొట్టూ తిరిగి, పంపును తువ్వాల్లో చుట్టి, రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. స్టేషన్ నుంచి నేరుగా మెకానిక్ దగ్గరికే వచ్చాడు.

మెకానిక్ పాత నూనెను వేళ్ల మధ్య రాసి చూశాడు. "మేడం, ఇసుక లెక్క తాకుతుంది. పంపును తిన్నది ఇదే. ఎవలు పోసిండ్రు?"

అన్న నా పక్కనే ఉన్నాడు. ప్రయాణపు దుమ్ము ఇంకా కడుక్కోలేదు.

"దారిల పోయించుకున్న. ఎవలో ఏమో," అన్నాను.

"సూసినవా," అన్నాడు అన్న. "నేనిచ్చిన నూనె ఉండంగ దారిల ఎందుకు పోయించుకున్నవ్? ఇగ నుంచి నేనే సూస్కుంట."

మెకానిక్ కొత్త నూనెతో గొట్టాలు రెండుసార్లు కడిగాడు. ముందు చక్రాలు జాకీల మీద లేపి, గొట్టాల్లో గాలి పోయేదాకా స్టీరింగ్ ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పమన్నాడు. నేనే తిప్పాను, ఒంటిచేత్తో. నూనెలో బుడగలు ఆగిపోగానే అన్న చప్పట్లు కొట్టాడు. ఇంటికెళ్లాక డబ్బాలో మిగిలిన నూనెను ఎవరూ చూడకుండా పెరట్లో గుంట తీసి పారబోశాను.

మళ్లీ భావుబీజ్ వచ్చింది. అన్న చేతిలో డబ్బా లేదు. నా ప్రాణం కుదుటపడింది. పీట మీద కూర్చోబెట్టి బొట్టు పెట్టి హారతి ఇచ్చాను. పళ్లెంలో చీర పెట్టాడు. సంతోషం పట్టలేక అడిగాను.

"ఈసారి నూనె తేలేదా అన్నా?"

"తెచ్చిన. లోపటికి రాకముందే కారుల పోసిన. ఉన్నది సగం దించి మూత దాక నింపిన. మళ్ల దారిల ఎవలతోనన్న పోయించుకుంటవని నా భయం."

హారతి పళ్లెం నా చేతిలోనే ఉంది. ఇంజను స్టార్ట్ చేసేదాకా ఆ నూనె పంపులోకి పోదు. సెలవులయ్యేలోపు మెకానిక్‌ను పిలిచి కడిగించవచ్చు అని లోపల లెక్కలు వేసుకుంటున్నాను. అన్న అప్పటికే లేచి, చెప్పులేసుకుని, వెళ్లి కారులో డ్రైవరు పక్క సీట్లో కూర్చున్నాడు.

"పా చెల్లె, ఒక్క చుట్టు తిప్పు. ఎంత అల్కగ తిరుగుతదో సూస్త."

అన్న నుదుట నేను పెట్టిన బొట్టు ఇంకా ఆరలేదు. హారతి పళ్లెం అరుగు మీద పెట్టి, వెళ్లి స్టీరింగ్ ముందు కూర్చున్నాను. తాళం తిప్పాను. సందు మలుపులో స్టీరింగ్ ఒంటిచేత్తో తేలిగ్గా తిరిగింది.

"గిట్లుండాలె," అన్నాడు అన్న. నేను మూలుగు వినబడుతుందేమోనని చెవి పెట్టి నడుపుతున్నాను.