మామ పాదాలకు తెలియని నిప్పు

ధర్మరాజుల గుడి తిరునాళ్ళ చివరి రోజు అగ్నిగుండం తొక్కి ఇంటికొచ్చిన మా మామగారు, పెరట్లో కాళ్ళు కడుక్కుంటూ నవ్వుతూ ఒక మాట అన్నారు.

"అమ్మా, ఈ తడవ నిప్పులు సల్లగా ఉండాయి. తడిమన్ను మింద నడిసినట్టే ఉండాది. ద్రౌపదమ్మ నన్ను సల్లగా సూసింది."

నేను చేతిలోని చెంబు పక్కన పెట్టి ఆయనకు దండం పెట్టాను. చదివేవాళ్ళు నవ్వుకుంటే నవ్వుకోండి. మా ఊళ్ళో ఎవరైనా అదే చేసేవాళ్ళు.

మాది పెద్దపంజాణి పక్కన పల్లె. నా పుట్టిల్లు కుప్పం వైపు. ఇది పది పన్నెండేళ్ళ కిందట జరిగింది. అప్పటికి మామకు డెబ్బై దగ్గర పడింది. టమోటా, వేరుశనగ పండించే రైతు. మీసాలు రాకముందు నుంచి ఏటా కంకణం కట్టుకుని, ఒక్కపొద్దులుండి, పసుపు బట్టలతో గుండం తొక్కే మనిషి. నేలకు మొక్కందే దున్నడానికి మడక పట్టరు. అలాంటి మనిషి నోట వచ్చిన మాట కాబట్టి తెల్లారేసరికి ఊరంతా పాకింది. "గంగులప్పకు అమ్మోరు పలికిందంట" అంటూ జనం వచ్చి ఆయన కాళ్ళకు మొక్కిపోయారు. మొక్కినవాళ్ళలో ఒక్కరు కూడా ఆ పాదాల అడుగు చూడలేదు, నాతో సహా.

కొన్నాళ్ళకు ఇంట్లో ఏదో కుళ్ళు వాసన మొదలైంది. ఎలుక చచ్చిందేమోనని గూళ్ళు, మూటలు అన్నీ తిరగేశాను. వాసన మామ మంచం దగ్గర ఎక్కువగా ఉంది. కాలు తిప్పి చూశాను. బొటనవేలి కింద బొబ్బ పగిలి, గుంత పడి, అంచులు నల్లబడి ఉన్నాయి.

"ఇంత పుండు పెట్టుకుని యాల సెప్పలేదు మామా?"

"నొప్పుంటే కదమ్మా సెప్పేది!"

పుంగనూరులో చూపిస్తే కాలిన పుండన్నారు. ఆయింట్‌మెంట్ రాసి కట్టు కట్టారు. తగ్గలేదు. కాలు పిక్కదాకా వాచింది, చలిజ్వరం వచ్చింది. అప్పుడు మా ఆయన, నేను కలిసి ఆయన్ను మదనపల్లె ఆసుపత్రికి తీసుకెళ్ళాం. రక్తపరీక్ష చేసిన డాక్టరు మొదట అడిగిన మాట, "ఈయనకు షుగర్ ఎన్నాళ్ళ నుంచి?"

షుగర్ ఉందన్న సంగతే మాకు తెలియదు. మామ మాటిమాటికీ ఒంటేలుకు లేవడం, ఆ చోట చీమలు పట్టడం నేను చూస్తూనే ఉన్నాను. ముసలితనం అనుకున్నాను. చీమలకూ ముసలితనానికీ ఏం సంబంధమని అప్పుడు తోచలేదు, నా తెలివి తెల్లారినట్టే ఉంది!

డాక్టరు మామను కళ్ళు మూసుకోమన్నారు. "పెద్దాయనా, పాదానికి ఏదైనా తగిలితే చెప్పండి" అని సన్నటి నైలాన్ దారంతో అడుగున ఒక్కోచోట నొక్కుతూ పోయారు. మామ పలకలేదు. రెండో పాదం కూడా అయిపోయింది. మామ కళ్ళు మూసుకునే ఉన్నారు.

"ఇంకా మొదులుపెట్టలేదా సార్?" అని అడిగారు.

డాక్టరు దారం పక్కన పెట్టి మా వైపు తిరిగారు. "ఇది డయాబెటిక్ న్యూరోపతి. షుగర్ వల్ల నరాలు దెబ్బతిని పాదాల్లో స్పర్శ పోయింది. మేకు దిగినా తెలియదు."

మా ఆయనకు నోరు ఆగదు. "అందుకేనా సార్ నిప్పులు సల్లగా ఉండాయన్నాడు?"

"అందుకే."

మామ విన్నారు. గోడవైపు తిరిగి పడుకున్నారు. ఆ పూట ఇడ్లీ పెడితే ముట్టలేదు. ఎక్స్‌రే తీశాక, కండ కుళ్ళి చచ్చిపోయే గ్యాంగ్రీన్ రెండు వేళ్ళకు పాకిందని, అవి తీసేయాలని, ఆలస్యమైతే మోకాలి దాకా పోతుందని, ప్రాణానికే ముప్పని డాక్టరు చెప్పారు. మామ ఒప్పుకోలేదు. ఇంటికి పోదామన్నారు. మా ఆయన బతిమాలాడు, ఏడ్చాడు. ఊహూఁ.

నేను ఒక్కదాన్నే ఉన్నప్పుడు మెల్లగా అడిగారు. "అమ్మోరు రాలేదంటే, ఇన్నేండ్లు నేను తొక్కింది ఏందమ్మా?"

నాకు జాలి వేసింది. దాన్ని మించి కోపం వచ్చింది. "అమ్మోరు వచ్చిందో రాలేదో నాకు తెలవదు మామా. పుండు మాత్రం వచ్చిండాది. ముందు దాని సంగతి సూద్దాం. మిగతాది ఇంటికి పోయినాక మీరూ ఆయమ్మా తేల్చుకోండి!"

మామ ముందు నేను అంతవరకు గొంతెత్తి ఎరుగను. ఆయన లేచి కూర్చుని మా ఆయన్ను పిలవమన్నారు. మర్నాడు ఆపరేషన్ అయింది.

వేళ్ళు తీసినంత మాత్రాన అయిపోలేదు. పుండు మానకపోతే మళ్ళీ లోపలి కుళ్ళు తీశారు. రెండుపూటలా ఇన్సులిన్. ఇంట్లో ఫ్రిజ్ ఎక్కడిది? కుండలో తడి ఇసుక పోసి, సీసాను కవరులో చుట్టి అందులో పెట్టేదాన్ని. ఒక శనివారం సూది వేయించుకుని, నాకు చెప్పకుండా ఒక్కపొద్దున్నారు. టమోటా మడిలో షుగర్ మరీ తగ్గిపోయి, చెమటలు కారి పడిపోతే చక్కెర నీళ్ళు పట్టి బతికించుకున్నాం. దేవుడి మీద నాకు ఎంత కోపం వచ్చిందో దేవుడికే తెలుసు.

పుండు మానేసరికి మళ్ళీ తిరునాళ్ళు వచ్చాయి. కంకణాలు కట్టే రోజు మామ స్నానం చేసి పసుపు బట్టలు అడిగారు. ఆ పాదాలతో నిప్పులో దిగితే ఈసారి కాలే మిగలదు. వద్దంటే వినే మనిషి కాదు. నేనూ గుడికి వెంట పోయాను.

పూజారి కంకణం తీసి, "రాప్పా గంగులప్పా, మొదటిది నీకే" అన్నాడు. మామ చెయ్యి చాపలేదు.

"సిన్నప్పుడు నాకు బాగా కాలేది సామీ. బొబ్బలెక్కేవి. అయినా అమ్మోరికని తొక్కతా ఉన్న్యా. ఇప్పుడు కాలదు. కాలని కాళ్ళతో తొక్కితే ఆయమ్మకు నేనిచ్చేది ఏముండాది? ఇంకెవరికన్నా కట్టు."

నేను స్తంభానికి ఆనుకుని ఏడ్చేశాను.

మామకు ఇప్పుడు ఎనభై దాటింది. స్పర్శ లేని పాదాలకని చేసే మెత్తటి ఎంసీఆర్ చెప్పులు వేసుకుని గట్టు మీద కూర్చుంటారు. మడిలో మాత్రం చెప్పులతో దిగరు, అందుకని మడిలోకే దిగరు. అది ఆయనకు కష్టమే, నాకు తెలుసు. గుండం రోజు పోయి దూరంగా నిలబడి గోవిందా అని వస్తారు. రోజూ సాయంత్రం ఆయన పాదాలు కడిగి, వేళ్ళ సందులు తుడిచి, అడుగంతా చూస్తాను.

మీ ఇంట్లో షుగర్ ఉన్నవాళ్ళుంటే మీరూ చూడండి. ఒంటరిగా ఉండేవాళ్ళు నేల మీద అద్దం పెట్టుకుని చూసుకోవచ్చు. నొప్పిగా ఉందా అని మాత్రం అడగకండి. మా మామను అడిగితే ఇప్పటికీ హాయిగా ఉందనే చెబుతారు.