బెంజిమన్ గొంతుతో బొంబాయి ప్రయాణం

బెంజిమన్‌ను బొంబాయి తీసుకెళ్ళి ప్రపంచానికి అప్పగించింది నేనే. బొల్లారంలో నలభై ఏళ్ళుగా ఇదే చెబుతున్నాను. ఈసారి వేళలతో సహా రాస్తున్నాను కాబట్టి నా గొప్ప కొంత తగ్గుతుంది.

పోలీస్ యాక్షన్ అయిన ఏడాది చలికాలం. బెంజిమన్ మా పక్కింటివాడు. మిలటరీ పల్టన్ బ్యాండులో బాకా ఊదే డేనియల్ మామ కొడుకు. చర్చిలో ఆర్గన్ వాయించే ఒక ముసలి దొరసాని అతని చేత ఎనిమిదేళ్ళు సాధన చేయించింది. అతనిది టెనర్ గొంతట. మగగొంతుల్లో అన్నిటికన్నా పైకి పోయేది. బొంబాయిలో ఉన్న ఇటలీ గురువు ఒకావిడ, స్వదేశానికి ఓడెక్కేలోగా ఒక్క శిష్యుణ్ణి ఎంచుకుని వెంట తీసుకుపోతుందని దొరసానికి తెలిసి ఉత్తరం రాసింది. జవాబు వచ్చింది. శుక్రవారం సాయంత్రం నాలుగింటికి వచ్చి పాడాలి. శనివారం ఓడ.

నన్ను మేనేజరుగా పంపారు. అంటే, బొంబాయి భేండీ బజార్‌లో మా మేనమామకు గది ఉంది, ఇద్దరం ఊరికే పడుకోవచ్చు. అందుకని పంపారు.

గురువారం ఉదయం ఎనిమిదింటికి సికింద్రాబాద్‌లో బండెక్కాం. సాగనంపడానికి బ్యాండు మేళం వచ్చింది. మేళమంటే డేనియల్ మామ ఒక్కడే. చేతిలో బాకా లేదు, టిఫిన్ డబ్బా ఉంది. మాది ఫస్ట్ క్లాసు పక్కనున్న థర్డ్ క్లాసు పెట్టె. టికెట్లు హాలీ సిక్కాతో, అంటే మన రాజ్యం డబ్బుతో, కొన్నాం. సరిహద్దు అవతల అది చెల్లదు కనుక హిందుస్తాన్ రూపాయలు కొన్ని వేరే జేబులో పెట్టుకున్నాం.

పాడేదాకా ఒక్క మాట మాట్లాడకూడదని దొరసాని ఆజ్ఞ. బెంజిమన్ మెడకు మఫ్లరు, చేతిలో పలకా బలపం. వికారాబాద్ రాకముందే పలక మీద రాసి నా ముందు పెట్టాడు: “నువ్వు సుత జెర నోరు మూస్కో.”

అది నా వల్ల కాలేదు. తాండూరులో పదకొండున్నరకు డబ్బా విప్పి రొట్టె, ఖీమా తింటుంటే, గాజుల మలారంతో ఎక్కిన పెద్దాయన ఒకాయన పలకరించాడు.

“ఏం పని చేస్తవ్ బిడ్డా?”

“టైలర్‌ను కాకా. ఈ రాజ్యంల సగం వర్దీలు నా మిషన్ మీద కుట్టినయే. తక్కువల తక్కువ వెయ్యి.”

వర్దీ అంటే యూనిఫారం. ఆయన నోరు తెరిచి వింటుంటే నాకు ఇంకా ఊపొచ్చింది. రెండున్నరకు వాడి జంక్షన్‌లో బండి ఆగింది. నేను ఆగలేదు. కిటికీ అవతల సిపాయి నిలబడి అంతా విన్నాడు.

అక్కడ సామాన్లు, మనుషులు, అన్నీ తనిఖీ అయ్యేవి. పాత సర్కారు పక్షాన తుపాకులు పట్టినవాళ్ళ కోసం, వాళ్ళకు సాయపడ్డవాళ్ళ కోసం ఇంకా వెతుకుతున్న రోజులవి. వెయ్యి వర్దీలు కుట్టానని ఒకడు తానే చెబుతున్నాడు. పేరడిగితే మస్తాన్ అన్నాను. నన్ను దింపేశారు.

ఛాతీ విరుచుకుని నిలబడ్డానని ఇప్పటిదాకా చెప్పుకున్నాను. నిజానికి తలుపు కడ్డీ పట్టుకుని వదల్లేదు.

బెంజిమన్ నా వెంటే దిగి పలక మీద ఏదో రాసి చూపించాడు. సిపాయికి చదువు రాదు. బండి కూత పెట్టింది. ఎక్కి కూర్చుంటే బెంజిమన్ తెల్లారేసరికి బొంబాయిలో ఉంటాడు. సాయంత్రం దాకా గొంతుకు విశ్రాంతి. అతను బండి వైపు ఒకసారి చూసి మఫ్లరు విప్పాడు.

ఉర్దూలో సాగిన మాటలు మన మాటల్లో రాస్తున్నాను.

“సాబ్, వీడు కుట్టలే. వాళ్ళింటి దుకాణంల గుండీలకు కాజాలేస్తడు, గంతే.”

“మరి వెయ్యి వర్దీలన్నడు?”

“గప్పాలు కొడ్తడు సాబ్. చిన్నప్పటి సంది గిదే బీమారి. వాళ్ళ దుకాణంల కుట్టేటియి ఇస్కూల్ బ్యాండు పోరగాండ్ల కోట్లు. ఆ కాజాలు సుత వంకర.”

సిపాయి అయ్యాక జమాదారు, జమాదారు అయ్యాక ఆఫీసరు. ప్రతి ఒక్కరికీ మొదటినుంచీ చెప్పాలి. పక్కనే ఇంజన్లు షంటింగ్ చేస్తున్నాయి, బొగ్గు పొగ. అరిచి చెప్తే తప్ప వినబడదు. అయిదున్నరకు ఆఫీసరు సూదీ దారం, గుడ్డముక్క తెప్పించి నన్ను కాజా వెయ్యమన్నాడు. వేశాను. తిప్పి తిప్పి చూసి, పెద్దగా నవ్వి, పొమ్మన్నాడు.

“పా,” అన్నాడు బెంజిమన్, పోదాం పద అని. ఆ ఒక్క అక్షరం కూడా చీలిపోయి వచ్చింది.

ఏడింటి బండిలో చోటు లేదు, షోలాపూర్ దాకా తలుపు దగ్గర నిలబడ్డాం. శుక్రవారం మధ్యాహ్నం పన్నెండుకు బొంబాయి బోరీబందర్ స్టేషన్లో దిగాం. ఇరానీ హోటల్లో వేడినీళ్ళడిగి, ఉప్పేసి, ఎన్నిసార్లు పుక్కిలించాడో లెక్కలేదు. నాలుగింటికి అతను ఆ ఇటలీ గురువు ఉండే మేడ మీదికి పోయాడు. నేను మెట్ల మీద కూర్చున్నాను. పాట సగం దాకా బాగానే వచ్చింది. పైకి పోవలసిన చోట గొంతు విరిగింది. మళ్ళీ ఎత్తుకున్నాడు. మళ్ళీ అక్కడే విరిగింది.

ఆమె గోవా కుర్రవాణ్ణి ఎవరినో ఎంచుకుంది.

శనివారం సాయంత్రం తిరుగు బండి. ఆదివారం ఉదయం ఏడింటికి షోలాపూర్‌లో మనవాళ్ళే, అక్కడి మిల్లుల్లో నేత పనికి పోయిన కుటుంబం ఒకటి ఎక్కింది. వాళ్ళ అవ్వకు మేం ఎందుకు పోయి వస్తున్నామో చెప్పాను. ఆమె వక్క నములుతూ, “ఏదీ, జెర పాడు బిడ్డా,” అన్నది.

బెంజిమన్ మెల్లగా ఎత్తుకున్నాడు. అదే పాట. నేను కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నాను. విరిగిన చోటు వచ్చింది. గొంతు సాఫీగా పైకి పోయి అక్కడే నిలబడింది. పెట్టెలో ఏడుస్తున్న పసిపిల్ల కూడా ఊరుకుంది.

“వచ్చింది ర మస్తాన్,” అన్నాడు. రెండు రోజులు ఆలస్యంగా వచ్చింది.

“గింత మంచిగ పాడ్తవ్, మరి ఆడ ఏమైంది బిడ్డా?” అన్నది అవ్వ.

బెంజిమన్ నా వైపు చూశాడు.

“జలుబు చేసింది అవ్వా.”

అతను అబద్ధమాడగా నేను విన్నది అదొక్కటే. మరో రెండేళ్ళు రైల్వే ఆఫీసులో గుమాస్తాగా చేసి, జీతం దాచుకుని, తనే ఓడెక్కాడు. రోమ్, లిస్బన్, బ్యూనస్ ఎయిర్స్, టోక్యో. జుట్టు నెరిసేదాకా పాడాడు. మా దుకాణానికి కార్డులు వచ్చేవి. రాణీగారు లేచి నిలబడి చప్పట్లు కొట్టిందని నేను నలుగురికీ చదివి వినిపించేవాణ్ణి. కార్డు మీద ఉండేది, “ఇక్కడ చలి ఎక్కువ, అమ్మకు చెప్పు,” అని. అక్కడివాళ్ళు అతని జీవితం మీద అచ్చేసిన చిన్న పుస్తకం కూడా పంపాడు. మా మనవరాలు చదివి అర్థం చెప్పింది. మొదటి అవకాశం బొంబాయిలో జలుబు వల్ల పోయిందని అందులోనూ ఉంది.

జలుబు లేదు. ఆ రెండేళ్ళు తిన్నది నేను.

ఆ ఆదివారం తిరుగు దారిలో, వాడి జంక్షన్‌లో మమ్మల్ని ఎవరూ ఆపలేదు. సాయంత్రం ఆరూ పదికి బండి సికింద్రాబాద్ చేరింది. అంతదాకా అవ్వ అడుగుతూనే ఉంది, బెంజిమన్ పాడుతూనే ఉన్నాడు.