ఉప్పు తెలిసే నాలుక

పీతాబాస్ సెఠీ కటక్‌లోని ఒక క్యాన్సర్ ఆసుపత్రిలో పంతొమ్మిదేళ్లుగా గీతలు గీస్తున్నాడు. స్కాన్‌లో మనిషి తల పొరలు పొరలుగా కనిపిస్తుంది. కణితి ఉన్నంత మేరా ఒక్కో పొర మీద ఎర్రగీత, కాపాడుకోవలసిన చోట్ల చుట్టూ ఆకుపచ్చ గీత గీసి డాక్టరుకు చూపించాలి. ఆ గీతల్ని బట్టే రేడియేషన్ పడుతుంది. ఒక్కో రోగికి పూటంతా పట్టేది.

కిందటేడు ఆ పని చేసే ప్రోగ్రామ్ వచ్చింది. మొదటిరోజు ఆ కంప్యూటరుకు బంతిపూల దండ వేసి కొబ్బరికాయ కొట్టారు. పంతొమ్మిదేళ్లలో పీతాబాస్ చేతికి ఎవరూ ఒక్క పువ్వు ఇచ్చిన పాపాన పోలేదు. ఇప్పుడది నాలుగు నిమిషాల్లో గీసేస్తుంది, ఇతను చూసి సరేనని నొక్కాలి. నిజానికది బాగానే గీస్తుంది. అతన్ని తొలిచేది కూడా అదే.

ఆ మంగళవారం తెర మీదికి కుంతల మౌసీ స్కాన్ వచ్చింది. కేంద్రపడా వైపు ఊళ్లో మినపవడియాలు పెట్టి అమ్మే అరవై మూడేళ్ల మనిషి; మౌసీ అంటే అక్కడ పిన్ని. చిగుళ్ల వెనక చింతగింజంత కణితి. ముందురోజు ఆమె ముఖానికి ముసుగు అచ్చు తీశారు. వేడినీళ్లలో మెత్తబరిచిన ప్లాస్టిక్ వలను ముఖం మీద పరిచి, గట్టిపడేదాకా బిగిస్తారు. ఆ ముసుగుతోనే స్కాన్. అప్పుడు పీతాబాస్ పక్కనే ఉన్నాడు. లోపలికి వెళ్లే ముందు ఆమె అడిగింది ఒక్కటే.

“రుచి పోతుందట కదా బాబూ. పిండి నాలిక మీద వేసుకుని ఉప్పు చూస్తాను నేను. నాలికే పోతే ఇంక నేనెందుకు?”

మెల్లగా తిరిగొస్తుందని చెప్పాడు. నోట్లో తడి ఊరే గ్రంథులు మిగిలితేనే ఆ మాట నిజమవుతుందని అతనికి తెలుసు.

ఇప్పుడు తెర మీద ప్రోగ్రామ్ ఆమె కుడిబుగ్గలో నిమ్మకాయంత ఎర్రగీత గీసింది. ఆ గీత గ్రంథిని సగం మింగేసింది. అతను డాక్టర్ సుచరితకు చూపించాడు. మొదట పరీక్ష చేసి రెండు నెలలైంది కదా, పెరిగి ఉంటుంది, ఇంకా ఇరవైమంది ఉన్నారు అందామె.

పీతాబాస్ సరేనని నొక్కలేదు. బుగ్గలోని ఆ ఉబ్బును పెద్దది చేసి చూశాడు. మధ్యలో గాలి బుడగలు, అక్కడక్కడా తళుక్కుమంటున్న తెల్లని నలుసులు. కణితి ఇలా ఉండదు. తన తల్లి బుగ్గ గుర్తొచ్చింది. తెల్లవారింది మొదలు ఆ బుగ్గ ఖాళీగా ఉండగా అతను ఎప్పుడూ చూడలేదు.

వార్డు వరండాలో మౌసీ పక్కన కోడలు ప్రతిమ కూర్చుని ఉంది. ఆమెను టీకి పంపించి, బెంచీ మీద కూర్చున్నాడు.

“మౌసీ, నిన్న స్కాన్‌లో బుగ్గన ఏం పెట్టుకున్నావు?”

మౌసీ పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“కోడలికి చెప్పకు. పాన్ ముట్టనని దేవుడి మీద ఒట్టేశాను దానికి.”

“చెప్పను. డాక్టరమ్మకు మాత్రం చెప్పాలి.”

“ఆ వల బిగిస్తే ఊపిరాడక పోతానేమోననుకున్నా. పోయేదాన్ని నోట్లో పాన్ లేకుండా ఎలా పోతాను? నమల్లేదు బాబూ, కదలొద్దన్నారుగా. ఊరికే పెట్టుకున్నా.”

అతనికి నవ్వాగలేదు. “నవ్వకురా,” అని మోచేతి మీద ఒక్కటేసింది. తర్వాత అదే చేతిని పట్టుకుని వదల్లేదు. మళ్లీ ఆ వల వేస్తారా అని అడిగింది. వేస్తారనీ, ఈసారి స్కాన్ మొదలయ్యేదాకా తాను చెయ్యి పట్టుకునే ఉంటాననీ చెప్పాడు.

సంగతి విన్న సుచరిత, వక్కా సున్నమూ అయిన ఆ నలుసుల్ని పెద్దవి చేసి చూసింది. “నాకూ తట్టలేదు పీతాబాస్ బాబూ,” అంది.

కొత్త ముసుగు, కొత్త స్కాన్. మౌసీ రెండు అరచేతులూ తెరిచి, నోరు కూడా తెరిచి చూపించి మరీ పడుకుంది. ఈసారి ప్రోగ్రామ్ చింతగింజంతే గీసింది, గీత అంచు మాత్రం గ్రంథిని తాకుతోంది. డాక్టరూ అతనూ పక్కపక్కన కూర్చుని, ఆ అంచును పొరపొరకూ చేత్తో సరిచేశారు. మధ్యాహ్నమంతా పట్టింది. ఆ రోజు మిగతావాళ్ల గీతలు పూర్తి కాలేదు.

చికిత్స ఆరువారాలు సాగింది. ఐదోవారానికి మౌసీకి గంజి కూడా బూడిదలా ఉంది. పీతాబాస్ ఎదురుపడితే నువ్వు చెప్పింది అబద్ధమన్నట్టు చూసి ముఖం తిప్పుకునేది. అతను తలదించుకుని వెళ్లిపోయేవాడు.

నాలుగు నెలల తర్వాత పరీక్షకు వచ్చినప్పుడు ఆమె నేరుగా అతని గదికే వచ్చింది. బుగ్గ ఖాళీ. డబ్బాలో వేయించిన వడియాలు. తినమంది. పీతాబాస్ ఒకటి నోట్లో వేసుకున్నాడు. కటిక ఉప్పు. ఆమెకు రుచి తిరిగి రాలేదనుకున్నాడు. బాగున్నాయి మౌసీ అన్నాడు.

“ఏం బాగు, నీ మొహం. పిడికెడు ఎక్కువేశాను,” అంది మౌసీ. “నిజం చెప్తావో లేదో చూద్దామని.”

కొంగు ముడి విప్పి ఇంకో పొట్లం తీసింది. “ఇవి తిను. వీటి పిండి నా నాలికతో చూశాను.”