పత్తి నల్లబడిన ఏడు

మా అక్కను పరకాల దగ్గరి ఊరికిచ్చారు. నేను హన్మకొండలో ఉంటాను. పత్తి ఏరే రోజుల్లో కూలీలు దొరకక అక్క అవస్థ పడుతుంది. అందుకని ఏటా దసరా దాటాక బస్సెక్కి వెళ్లి, నాకు చేతనైన సాయం చేసి వస్తాను.

మొన్నటేడాది వెళ్లేసరికి వాళ్ల చేను కంచె అవతల ఒక ఫ్యాక్టరీ నడుస్తోంది. పాత టైర్లను కాగబెట్టి నూనె తీస్తారట. నూనెగా మారని గ్యాసును పొడుగాటి ఇనుప గొట్టం ఎక్కించి కాల్చేస్తున్నారు. పట్టపగలే మంట రెపరెపలాడుతోంది. దాని చప్పుడు చేను మధ్యదాకా వినిపిస్తోంది.

నడుముకు సంచి కట్టుకుని సాలులోకి దిగాను. మొదటి కాయలోంచి పత్తి లాగగానే వేళ్లు నల్లబడ్డాయి. కాలిన రబ్బరు వాసన.

"అక్కా, గిదేం తెగులే?" అన్నాను.

"తెగులు గాదు చెల్లె, మసి. గా మంటదే," అంది. "నువ్వింకా కంచె దిక్కు సూడలే. రా."

అక్కడికి వెళ్లి నిలబడిపోయాను. నడుమెత్తు పెరగాల్సిన చెట్లు మోకాలు దాటలేదు. ఆకులు ముడుచుకుపోయి, ముట్టుకుంటే జిడ్డు. కాయలు విచ్చకుండానే ఎండిపోయాయి. అక్క సీసా మూత తీసి నేల మీద నీళ్లు వంచింది. ఇంకలేదు. చామాకు మీద పడ్డట్టు గుండ్లు గుండ్లుగా దొర్లి పక్కకు పోయాయి.

అది నల్లరేగడి. వాన పడితే మడమలదాకా కాలు దిగబడే చేను. అది నీళ్లు తాగకపోవడమేమిటి? నమ్మలేక వంగి చేత్తో పెళ్లగించాను. కింద మన్ను బూడిదలా పొడిపొడిగా ఉంది. ఒక్క వానపామైనా లేదు.

"బావ ఏమంటాండే?" అన్నాను.

"ఏమంటడు? ఎన్నిసార్లో పోయి అడిగిండు. ఉత్త గ్యాసే, గాలిల కలిసిపోతది అన్నరట. గాలిల కలిసేదైతే మా చేన్ల ఎందుకు వడ్తది?"

మర్నాడు పొద్దున అక్క సంచి కట్టుకోలేదు. కంచె పక్క సాలు పట్టుకుని చెట్లను వేళ్లతో సహా పీకడం మొదలుపెట్టింది. ఎదుగుతున్న మొక్క కాలికింద పడితేనే అయ్యో అనే మనిషి! బావ కాసేపు చూశాడు, తర్వాత తనూ దిగాడు. నేనూ దిగాను. ట్రాలీ నిండాక తీసుకెళ్లి ఫ్యాక్టరీ గేటుకు అడ్డంగా కుమ్మరించాం. టైర్ల లారీ లోపలికి పోలేక రోడ్డు మీదే ఆగింది.

లోపలినుంచి ఒకాయన ఉరికొచ్చాడు. "ఏందమ్మా ఇది? తియ్యుండ్రి!"

"మీరు మంట ఆపుండ్రి, మేం చెట్లు తీస్తం," అంది అక్క. పరాయి మగవాళ్లతో అక్క అలా మాట్లాడగా నేనెన్నడూ వినలేదు. పొద్దెక్కేసరికి చుట్టుపక్కల చేన్లవాళ్లు కూడా తలా ఒక మోపు తెచ్చి దానిమీద పడేశారు.

అధికారులొచ్చి పరీక్షకని మన్ను తీసుకుపోయారు. కొన్ని నెలలకు ఫ్యాక్టరీ మూతపడింది.

మంట ఆరితే భూమి బాగవుతుందనుకున్నాం. బావ చెరువు మట్టి తోలించాడు, ఎరువు కోసం గొర్ల మంద పెట్టించాడు. అయినా నిరుడు కంచె పక్క వేసిన గింజ సగం మొలవనే లేదు. మొలిచింది పచ్చబారి నిలువునా ఎండింది.

ఈ ఏడు ఆ దిక్కు విత్తనమే పెట్టలేదు. నేను వెళ్లిన మర్నాటికే ఏరడం అయిపోయింది.

"ఇగ పోదాం పా," అంది అక్క, సంచి దులుపుకుంటూ. నేను కంచె దిక్కు ఖాళీ నేలను ఒకసారి చూసి సంచి విప్పాను.