తల్లిగారి చీర

మా అవ్వ తన చావుకు అన్నీ తయారుగా పెట్టుకుంది. తాత కంటే ముందు, ముత్తైదువగానే పోవాలని తాతను అడగకుండానే ఖాయం చేసేసింది. డప్పులవాళ్లకు చెప్పింది, పాడె మోసేవాళ్లను ఎంచింది. మిగిలింది తల్లిగారి చీర ఒక్కటే.

మా బోధన్‌లో ఆడమనిషి పోతే, పుట్టింటివాళ్లు తెచ్చిన చీర కప్పాకే పాడె లేస్తుంది. ఆ చీరను వాడకట్టు ఆడవాళ్లంతా పట్టి పట్టి చూస్తారు. అవ్వ పరువంతా దానిమీదే ఉంది. తేవాల్సినవాడు కోటగిరిలో ఉన్న ఒక్కగానొక్క తమ్ముడు. ఎంత చెరకు పండించేవాడో అంత పిసినారి.

"బతికున్న మనిషికి ఆ చీర పెడ్తరా అక్కా? మంచిగుండది" అన్నాడు.

"సచ్చినంక నువ్వేం తెచ్చినవో నేనొచ్చి సూస్తనా? ఇప్పుడే తే."

తెచ్చాడు. అవ్వ దాన్ని ఎండకు ఎత్తిపట్టింది. "గిండ్లకెల్లి నీ మొకం కనవడుతుంది. గిది కప్పితే నలుగురు ఏమంటరు?" అని అదే సంచిలో వాపసు పంపింది. అట్లా రెండుసార్లు అయ్యాక దిట్టమైన పచ్చ చీర, ఎర్రంచుది వచ్చింది. అవ్వ దాన్ని సందూకులో పెట్టి తాళం వేసింది. ప్రతి పండక్కీ తాళం తీసి నాకొక్కరికే చూపించేది. ప్రాణముండగా కట్టని చీరకు ఇన్ని మురిపాలా అని నాకు ఒళ్లు మండేది.

ఒక వానాకాలం పక్కింట్లో బీడీలు చుట్టే ఆమె పోయింది. పుట్టింటివైపు ఎవరూ మిగల్లేదు. ముసురులో శవాన్ని పెట్టుకుని, చీర ఎవరు తెస్తారోనని వాకిట్లో ఒకటే గుసగుసలు. ఏడ్చేవాళ్లు తక్కువ, వేడుక చూసేవాళ్లు ఎక్కువ.

అవ్వ పచ్చ చీర చంకలో పెట్టుకుని వెళ్లింది. "తల్లిగారి చీర వచ్చింది, లేవుండ్రి" అంది. ఎవరి తల్లిగారని ఒక్కరూ అడగలేదు. అవ్వ నోరంటే అందరికీ అంత భయం.

"కోటగిరికి చెప్పి ఇంకోటి తెప్పించుకోరాదా?" అన్నాను ఇంటికొచ్చాక.

"వాడు నవ్వుతడు. సందూకుకు తాళం ఉంది గద, సాలు. నువ్వు నోరు మూసుకో."

మూసుకున్నాను.

రెండేళ్లకు అవ్వ, అనుకున్నట్టే తాత కంటే ముందు పోయింది. కోటగిరి నుంచి అవ్వ తమ్ముడు చేతులూపుకుంటూ వచ్చాడు. "చీర ఎప్పుడో ఇచ్చిన. సందూకుల సూడుండ్రి" అని అరుగు మీద నిమ్మళంగా కూర్చున్నాడు. అవ్వ నడుముకున్న తాళంచెవి తీసి సందూకు తెరిచారు. అడుగున రెండు కలరా ఉండలు ఉన్నాయి. ఆడవాళ్లంతా అతని వైపు తిరిగి చూశారు. అతను బజారుకు ఉరికాడు.

తెచ్చింది కప్పారు. కట్టుకున్న పాత చీర పూలన్నీ దాని కిందినుంచి కనబడుతున్నాయి. చుట్టూ ఆడవాళ్లు మూతులు తిప్పుకున్నారు. వాపసు పంపడానికి ఈసారి అవ్వ లేవలేదు. నేనైనా లేచి పచ్చ చీర ఎటు పోయిందో చెప్పాల్సింది. అవ్వ మూసుకోమన్న నోరు మూసుకునే కూర్చున్నాను.